కౌమార వయస్కులు - వైద్యసేవ
(టెల్కో కాలనీలో జరిగిన సంఘ సమావేశమున ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘ వేదికపై సాధారణముగా సాహిత్యము, సంగీతము, పురాణము ప్రసంగ విషయములుగా నుండును. ఈ మారు వైద్య విషయము చెప్పింపవలెనని కార్యవర్గమువారు సంకల్పించిరి. అందును పదియేండ్లు నిండి ఇరువది యేండ్లు నిండని పిల్లల ఆరోగ్యమును గూర్చియు, వారితో వైద్యులును తలిదండ్రులును మాటలాడవలసిన తీరును గూర్చియు చెప్పుమని కోరిరి. ఇది సంస్కృతికి వెలియైన విషయము కాదని నా అభిప్రాయము. పెద్దలు పిల్లలతో మాటలాడు తీరునుబట్టియే ఆ యింటి సంస్కారము తెలియుచుండును.

మనము కూడియున్న ఈ యూరి చరిత్ర మీకు క్రొత్త కాదు. 1907లో టాటావారి ఉక్కు కంపెనీ ఏర్పడినది. సాక్చి అను పల్లె 1919లో జంషెడ్‌పూరు అను పేరు పొందినది. 1945లో టెల్కో స్థాపింపబడినది. 2003లో ఆ కంపెనీ టాటా మోటార్సుగా పేరు మార్చుకొన్నను, కాలనీ మాత్రము నేటికిని టెల్కో కాలనీయే. 1950లో బర్మామైన్సున జాతీయ లోహశాస్త్ర పరిశోధనాలయము తెరువబడినది. ఈ కర్మాగారములను, టాటానగర్ రైల్వేను, తపాలా, ఆదాయపు పన్ను మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యాలయములను ఆశ్రయించి, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన తెలుగు కుటుంబములు తరములుగా ఇచ్చట నున్నవి. తాతలు తెలుగులోనే ఆలోచింతురు. తండ్రులు తెలుగును హిందీని కలిపి మాటలాడుదురు. మనుమలు ఇంగ్లీషులో చదివి, హిందీలో ఆడుకొని, ఇంట అన్నము ముందు కూర్చున్నప్పుడు మాత్రము తెలుగు పలుకుదురు. ఈ సంగతి వైద్యుని గదిలో ఎట్టి చిక్కు తెచ్చునో తరువాత చెప్పెదను.

మొదట ఈ వయస్సును గూర్చి రెండు మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదియేండ్లనుండి పందొమ్మిదేండ్ల వరకు గల కాలమును కౌమారమని నిర్ణయించినది. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున ఈ వయస్సువారు సుమారు 25 కోట్ల 30 లక్షలమంది. అనగా ప్రతి అయిదుగురిలో ఒకరు. ఇంత పెద్ద సమూహమునకు వైద్యశాలలో తమదనదగిన చోటు చిరకాలము లేకుండెను. పసిపిల్లల వార్డులో ఊయలబొమ్మల నడుమ కూర్చుండుటకు పదునైదేండ్ల బాలునికి సిగ్గు. పెద్దల వరుసలో నిలుచుండుటకు భయము. ఈ లోటును గుర్తించి, డాక్టరు రాస్వెల్ గాలగర్ 1951లో అమెరికాలోని బోస్టను పిల్లల ఆస్పత్రిలో కౌమార వయస్కులకు ప్రత్యేక విభాగమును నెలకొల్పెను. వ్యాధిని మాత్రమే గాక వ్యాధి సోకిన బిడ్డను చూడవలెననుట ఆయన పద్ధతికి మూలము.

మన దేశమున ఈ దృష్టి ఆలస్యముగా వచ్చినను, వచ్చినది. 2014 జనవరి 7వ తేదీన కేంద్ర ప్రభుత్వము రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమమును ప్రారంభించెను. పోషకాహారము, మానసికారోగ్యము, లైంగిక ప్రజనన ఆరోగ్యము, గాయములు మరియు హింస, మత్తు పదార్థముల వాడుక, మధుమేహము రక్తపుపోటు వంటి అంటుకొనని వ్యాధులు - ఈ ఆరును దాని అంగములు. దాని క్రింద ప్రభుత్వ ఆస్పత్రులలో కౌమార వయస్కులకై ప్రత్యేక క్లినిక్కులు ఏర్పడినవి. మన ఝార్ఖండ్‌లో వీనికి యువమైత్రీ కేంద్రములని పేరు. పేరు చక్కనిది. కాని గోడపై మైత్రి యని వ్రాసినంత మాత్రమున మైత్రి కలుగదు. లోపల కూర్చున్నవారి ముఖమును, మాటను బట్టియే అది కలుగును.

ఈ పిల్లలు వైద్యునికడకు రాకుండుటకు కారణమేమి? రోగము లేకగాదు. రక్తహీనత నొకదానిని చూడుడు. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, దేశమున పదునైదు నుండి పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 59 మందికిని, అదే వయస్సు బాలురలో నూటికి 31 మందికిని రక్తము తక్కువగా నున్నది. బాలికలకు మాత్రమే వచ్చు జబ్బని మనము తలచు రక్తహీనత, ప్రతి ముగ్గురు బాలురలో సుమారొకరికి గలదన్నమాట. 2015-16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే, పదమూడు నుండి పదునేడేండ్ల వారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో యొక మానసిక వ్యాధితో నున్నారని తేల్చినది. ఇంతమందిలో వైద్యుని తలుపు తట్టువారెందరు? బహు కొద్దిమంది.

రాకపోవుటకు మొదటి కారణము భయము; సూదిమందు భయము కాదు, నలుగురికి తెలియునను భయము. కాలనీ జీవితమున ఒక మేలున్నది, ఒక చిక్కున్నది. మేలేమనగా, కష్టము వచ్చిన ఇరుగుపొరుగు పరుగున వత్తురు. చిక్కేమనగా, కష్టము ఏమిటో వారికందరికిని తెలియును. క్వార్టర్లలో పెరిగిన పిల్లకు ఆస్పత్రి చీటీల కిటికీ వద్దనున్న అంకులు నాన్నగారి స్నేహితుడు. నర్సు అమ్మకు కోలాటములో జత. వరుసలో ముందు నిలిచిన ఆంటీ ఎదురింటి ఆమె. "ఏమ్మా, ఒక్కదానివే వచ్చేవేం? అమ్మకి తెలుసా?" అని ఆప్యాయముతోనే అడుగుదురు. ఆ ఆప్యాయతకు జంకి ఆ పిల్ల వెనుకకు మరలును. తండ్రి ఉద్యోగపు చీటీపైననే వైద్యము జరుగు ఏ ఊరనైనను ఇట్లే యుండును. బిడ్డ జబ్బు తండ్రి పేరిట నమోదగును గదా!

రెండవది వేళ. బడి విడుచు వేళకు బయటి రోగుల విభాగము మూతపడును. జబ్బు చెప్పుకొనుటకు బడి మానవలెను. బడి మానుటకు కారణము ఇంట చెప్పవలెను. ఆ కారణమే చెప్పలేకగదా ఆ పిల్లవాడు వైద్యుని వెదకుచున్నది!

మూడవది మేము, అనగా వైద్యులము. పదునారేండ్ల బాలుడు తల్లితో వచ్చును. డాక్టరు ఆమెనే అడుగును, ఆమెయే చెప్పును. "వీడు తినడు, నిద్రపోడు, ఎప్పుడూ ఫోనే." బాలుడు నేల చూచుచుండును. మందుచీటీ ఆమె చేతికే అందును. మొత్తము వ్యవహారమున రోగి నోరు విప్పలేదు. ఇట్టి వైద్యము పశువైద్యమునకు దగ్గర. పశువు మాటలాడలేదు గనుక యజమానిని అడుగుట న్యాయము, బాలునికి నోరున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమార వయస్కులకు అనుకూలమగు వైద్యసేవకు అయిదు లక్షణములు చెప్పినది: అందుబాటులో నుండుట, వారికి సమ్మతమగుట, ఎవరిపట్లను భేదము చూపకుండుట, వారి అవసరమునకు తగియుండుట, ఫలితమునిచ్చుట. ఇవి పెద్ద మాటలుగా తోచును గాని, ఆచరణలో చిన్న పనులే. సాయంకాలము రెండు గంటలు ఈ పిల్లలకై కేటాయింపవచ్చును. గది తలుపునకు తెర యుండవలెను. వెలుపల కూర్చున్నవారికి లోపలి మాట వినబడరాదు. పేరు పిలుచునపుడు జబ్బు పేరు కలిపి పిలువరాదు. పరీక్షించుటకు ముందు ఎక్కడ తాకబోవుచున్నారో, ఎందుకో చెప్పి, అనుమతి గొనవలెను; బాలికను పరీక్షించునపుడు స్త్రీ యొకతె ప్రక్కన నుండవలెను. వీనికి కోట్ల రూపాయల భవనములక్కరలేదు. ఒక తెర, ఒక గడియారము, కొంత మర్యాద చాలును.

ఇక మాటలాడు విధము. దీనికొక క్రమమున్నది. మొదట బిడ్డను పెద్దలను కలిపి పలుకరింపవలెను. పలుకరింపు మొదట బిడ్డకే చేయవలెను. పేరు, చదువు అడిగి, తరువాత తల్లివైపు తిరుగవలెను. ఆమె చెప్పునది సాంతము వినవలెను. ఆమె ఆందోళనయు నిజమైనదే. పిమ్మట, "అమ్మా, ఈ వయస్సు పిల్లలందరితోను నేను కొంతసేపు విడిగా మాట్లాడతాను. మీరు బయట కూర్చోండి, మళ్ళీ పిలుస్తాను" అని చెప్పవలెను. అందరితో అను మాట ముఖ్యము. తన బిడ్డయందే ఏదో దోషమున్నదను అనుమానము తల్లికి కలుగదు.

విడిగా కూర్చున్న తరువాత తొలి మాట రహస్యమును గూర్చి యుండవలెను. "బాబూ, నువ్వు చెప్పింది నీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పను. కాని నీ ప్రాణానికి గాని, ఇంకొకరి ప్రాణానికి గాని ముప్పుందనుకుంటే, నిన్నెవరైనా బాధిస్తున్నారని తెలిస్తే మాత్రం చెప్పక తప్పదు. అదీ ముందు నీతో చెప్పే చెప్తాను." హద్దును ముందు చెప్పుటవలన నమ్మకము తగ్గునని కొందరు వైద్యులు సందేహింతురు. తగ్గదు. అంతయు దాచెదనని మాట యిచ్చి, తరువాత మాట తప్పినచో ఆ బిడ్డ మరి యే వైద్యునికడకును పోడు.

ఈ హద్దు మన ఇష్టానుసారము గీచినది కాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారిపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలసినదే. వైద్యునికి మినహాయింపు లేదు. ఈ నిర్బంధమునకు జడిసి గర్భవతులైన చిన్న బాలికలు నాటువైద్యుల పాలగుచుండుట గమనించి, గర్భస్రావము కోరి వచ్చిన బాలిక విషయమున, ఆమెయు సంరక్షకులును కోరినచో, పోలీసులకిచ్చు సమాచారమున ఆమె పేరును గుర్తింపు వివరములను వైద్యుడు తెలుపనక్కరలేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చట్టము తెలిసిన వైద్యుడు బిడ్డను భయపెట్టక దారి చూపగలడు.

తరువాత ప్రశ్నల వరుస. గోల్డెన్‌రింగ్, కోహెన్ అను అమెరికా వైద్యులు 1988లో ప్రకటించిన ఒక పద్ధతిని నేడు దేశదేశముల వైద్యులు అనుసరించుచున్నారు. మొదట ఇల్లు, తరువాత చదువు లేదా పని, ఆపై ఆటపాటలు స్నేహములు, అటుపై మత్తు పదార్థములు, లైంగిక విషయములు, చివరకు విషాదము, ఆత్మహత్యాలోచన - ఈ వరుసలో అడుగుదురు. దీని కిటుకు సులువైనది. వీధి వాకిలినుండి ప్రవేశించి, వసారా దాటి, నడవ దాటి, పిలిచిన తరువాతనే లోగదికి పోవలెను. తిన్నగా లోగదిలో జొరబడువానికి ఇంటివారు తలుపు తీయరు.

అడుగుటలోను తీరున్నది. "సిగరెట్టు కాలుస్తావా?" అని గద్దించినచో "లేదు" అను మాటయే వచ్చును. "మీ తరగతిలో పిల్లలు ఖైనీ, గుట్కా వాడుతుంటారా? నీకెవరైనా ఇచ్చారా?" అని అడిగినచో సంగతి బయటపడును. ఎందుకు చేసితివను ప్రశ్న నేరస్థుని నడుగునది. ఎట్లు జరిగినదను ప్రశ్న మనుష్యుని నడుగునది. బిడ్డ మౌనముగా నున్నపుడు వైద్యుడును కొంతసేపు మౌనముగా నుండవలెను. ఆ నిమిషమున తొందరపడి మరొక ప్రశ్న వేయుటచే రానున్న జవాబు లోపలనే యుండిపోవును.

ఆత్మహత్యను గూర్చి అడిగినచో ఆ యాలోచన లేనివానికి కూడ కలుగునని పెద్దలు భయపడుదురు. ఇది అపోహ. అడుగుటవలన ఆలోచన పుట్టదు. లోపల ఒంటరిగా మ్రోయుచున్న బరువును దించుకొను అవకాశము కలుగును. పరీక్షా ఫలితముల దినములలో ప్రతి తల్లియు తండ్రియు దీనిని గుర్తుంచుకొనవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 అను నెంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును; దేశ భాషలనేకములలో మాటలాడువారున్నారు. ఆ నెంబరును ఇంట క్యాలెండరుపై వ్రాసియుంచుడు.

ముందు చెప్పెదనన్న భాష సంగతికి ఇప్పుడు వచ్చితిని. మన పిల్లలకు శరీరమును గూర్చిన తెలుగు మాటలు రావు. వచ్చిన మాటలు రెండు విధములు: పుస్తకములలోని ఇంగ్లీషు మాటలు, వీధిలోని బూతు మాటలు. ఇంట పెద్దలు ఈ విషయములు మాటలాడరు గనుక మధ్యస్థమగు మర్యాదగల మాట వారికి దొరకదు. అమ్మమ్మ "బయట ఉంది" అనును. మనుమరాలు "పీరియడ్స్" అనును. హిందీ డాక్టరమ్మ "మహీనా" అనును. మువ్వురును చెప్పునది ఒక్కటే. నెలసరి నొప్పి మితిమీరినదని చెప్పలేక బాలిక "కడుపునొప్పి" అనును. అజీర్తి మాత్రలు తీసికొని ఇంటికి పోవును. బాలుని సంగతి ఇంకను జాలి గొలుపునది. నిద్రలో కలుగు సహజమైన వీర్యస్ఖలనమును గూర్చి వానికెవరును చెప్పరు. రైలుకట్ట వెంబడి గోడలపై గుప్తరోగములు కుదుర్చువారి ప్రకటనలు మాత్రము చెప్పును. "బలహీనంగా ఉంది" అని వాడు వచ్చినపుడు, బలము మాత్రలిచ్చి పంపు వైద్యుడు ఆ గోడ ప్రకటనకే బలమిచ్చినవాడగును. "ఇది అందరు మగపిల్లలకూ జరిగేదే, జబ్బు కాదు, దీనివల్ల బలం పోదు" అను మూడు మాటలు ఏ మాత్రకన్నను మేలు చేయును.

కావున ఈ పిల్లల విషయమున ఏ మాట ఏ భాషదని తర్కింపరాదు. బిడ్డ వాడిన మాటనే వైద్యుడు మరల వాడి, దాని అర్థమును సరిచూచుకొనవలెను. తల్లిని దుబాసిగా వాడుకొనుట మాత్రము కూడదు. తల్లి అనువదించునపుడు బిడ్డ మాటకన్న తల్లి కోరిక ఎక్కువగా వినబడును.

మందిచ్చునపుడును మాటయే ముఖ్యము. బడులలో వారమున కొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు ఇనుప మాత్రను చూడుడు. 2018లో మొదలైన రక్తహీనతా నిర్మూలన కార్యక్రమము ప్రకారము అందు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము నుండును. ఎందరో పిల్లలు దానిని కిటికీలోనుండి పారవేయుదురు. కారణము మొండితనము కాదు. మాత్ర వేసికొన్న మరునాడు విరేచనము నల్లగా నగునని ముందు చెప్పినవారు లేరు; వికారము కలుగవచ్చునని, అన్నము తిన్న తరువాత వేసికొన్నచో తగ్గునని చెప్పినవారు లేరు; టీతో కలిపి వేసికొన్న ఇనుము వంటబట్టదని చెప్పినవారు లేరు. అర నిమిషపు మాటలేక ఏడాది మాత్రలు వృథా యగుచున్నవి.

ఇక మన బాధ్యత. మనము కేంద్ర ప్రభుత్వోద్యోగులము. బదిలీ మనకు సహజము. పెద్దలకు బదిలీ యనగా క్రొత్త కుర్చీ, క్రొత్త క్వార్టరు. పదునాలుగేండ్ల బిడ్డకు అది స్నేహితులందరును ఒక్క దినమున పోవుట. విశాఖనుండి టాటానగరము వచ్చిన బాలిక మూడు నెలలు తలనొప్పి యని బడి మానినచో, కంటి పరీక్షయు చేయింపుడు, దానితోబాటు ఆమెకు ఇచ్చట స్నేహితురాలు దొరికినదా యని కూడ అడుగుడు. అనేక సమయములలో తలనొప్పికి అసలు పేరు ఒంటరితనము.

తలిదండ్రులకు మూడు మనవులు చేసికొందును. డాక్టరు బయట కూర్చుండుమన్నపుడు చిన్నబుచ్చుకొనక కూర్చుండుడు. ఇంటికి వచ్చిన తరువాత "లోపల ఏం చెప్పావు?" అని నిలవేయకుడు, చెప్పదలచినచో వారే చెప్పుదురు. బిడ్డ జబ్బును పేరంటములో చెప్పుకొనకుడు. పదేండ్లకు, పదునారేండ్లకు వేయింపవలసిన ధనుర్వాత, డిఫ్తీరియా టీకా వంటివానికి వైద్యునికడకు పోవునపుడే ఈ అలవాట్లు మొదలిడవచ్చును. జబ్బు లేని దినమున కుదిరిన పరిచయము జబ్బు వచ్చిన దినమున అక్కరకు వచ్చును.

సంఘమునకొక మనవి. మనలో తెలుగు వచ్చిన వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయినులు ఉన్నారు. నెలకొక ఆదివారము ఈ సావడిని రెండు గంటలు పిల్లలకు విడిచిపెట్టుడు. బాలికలకు వేరుగా, బాలురకు వేరుగా కూర్చుండబెట్టి, పేరు వ్రాయకుండ చీటీలపై ప్రశ్నలు వ్రాసి పెట్టెలో వేయుమని చెప్పుడు. జవాబు చెప్పువారు నవ్వకుండ, నీతిబోధ చేయకుండ చెప్పవలెను. తలిదండ్రులు ఆ సమయమున బయట ఆవరణలో కాఫీ త్రాగవచ్చును. ఖర్చు కాఫీకే యగును.

వచ్చు నాటకపోటీలకు, పద్యపఠనమునకు మన పిల్లలను మనమే వేదిక యెక్కించి, బిగ్గరగా పలుకుమని ప్రోత్సహించుచున్నాము. తమ దేహమున కలిగిన బాధను మెల్లగానైనను పలుకగల ధైర్యమును కూడ వారికి మనమే ఈయవలెను. వినువారున్నారని తెలిసిననాడు వారు తప్పక పలుకుదురు.

 సమావేశానంతరము ప్రశ్నలకు సంతోషముతో జవాబు చెప్పెదను. పిల్లలు అడిగినచో ముందు వారికి.